మూలన పడ్డ ల్యాప్‌టాప్‌కి కొత్త ఉద్యోగం

ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్ ఏదైనా ఒకటి తీసుకుని చూడండి. నోటిఫికేషన్లలో ఎక్కడో ఒకచోట "స్టోరేజ్ నిండిపోయింది" అనే మెసేజ్ ఉంటుంది. మనం చేసే వైద్యం కూడా అందరికీ తెలిసిందే. గుడ్ మార్నింగ్ పూల ఫొటోలు ఏరి డిలీట్ చేస్తాం, ఒకటి రెండు వీడియోలు తీసేస్తాం, రెండు నెలలకి మళ్ళీ అదే మెసేజ్. చివరికి ఎవరో ఒకరు నెలనెలా డబ్బు కట్టి క్లౌడ్‌లో చోటు కొంటారు. లేదంటే విసుగొచ్చి "అన్నీ సెలెక్ట్ చేసి తీసెయ్" అంటారు.

ఈ రెండిటికీ మధ్యలో ఇంకో దారి ఉంది. ఇంట్లో వాడకుండా మూలన పెట్టిన ల్యాప్‌టాప్‌ని చిన్న సర్వర్‌గా మార్చి, ఫొటోలు, వాయిస్ నోట్లు అందులో దాచుకోవడం. దీన్నే సెల్ఫ్ హోస్టింగ్ అంటారు. మన సీఎస్ఈ వాళ్ళలో చాలామందికి ఇది వీకెండ్ సరదా. కానీ ఇన్‌స్టాల్ చేయడం ఒక్క పూట పని. ఇన్నాళ్ళూ ఏదో కంపెనీ మోసిన బాధ్యత ఆ మర్నాటి నుంచి మన నెత్తిన ఉంటుంది. ఆ బాధ్యతని మూడు ప్రశ్నల్లో పెట్టొచ్చు. వస్తువు ఎక్కడుంది? దాన్ని ఎవరు తెరవగలరు? పోతే ఎలా తిరిగి వస్తుంది? ఈ మూడిటికీ జవాబు ఉంటేనే అది మనది. మిగతా వ్యాసమంతా ఆ జవాబులు ఎలా తెచ్చుకోవాలో చెప్పడానికే.

ఇప్పుడు అవి ఎక్కడున్నాయి?

చాలా ఇళ్ళలో ఫొటోలు మూడు చోట్ల చెల్లాచెదురుగా ఉంటాయి. ఫోన్‌లో, గూగుల్ ఫొటోస్‌లో, వాట్సాప్‌లో.

గూగుల్ ఖాతాకి ఉచితంగా వచ్చేది 15 జీబీ. అది ఫొటోలకి మాత్రమే కాదు, జీమెయిల్‌కీ డ్రైవ్‌కీ కూడా కలిపి. 2021 జూన్ 1కి ముందు "హై క్వాలిటీ"లో పెట్టిన ఫొటోలు ఈ లెక్కలోకి వచ్చేవి కాదు. ఆ తేదీ తర్వాత పెట్టినవన్నీ వస్తున్నాయి. పెద్దవాళ్ళ ఖాతాలు ఒక్కసారిగా నిండిపోవడం మొదలైంది అందుకే. ఇంకో నియమం కూడా గుర్తుపెట్టుకోవాలి. రెండేళ్ళ పాటు అస్సలు వాడని వ్యక్తిగత ఖాతాలని గూగుల్ తీసేయొచ్చు. 2023 డిసెంబర్ నుంచి ఇది అమల్లో ఉంది. ఇంట్లో చనిపోయిన వాళ్ళ ఖాతా ఉంటే ఈ నియమం మీకు వర్తిస్తుంది.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అసలు ఫొటో కాదు, సైజు తగ్గించిన కాపీ. తీసిన తేదీ, చోటు లాంటి వివరాలు ఫైల్ లోపలి నుంచి పోతాయి. ఫైల్ పేరులో పంపిన తేదీ మాత్రం మిగులుతుంది. కాబట్టి పెళ్ళి ఫొటోలు ఎవరినైనా అడిగేటప్పుడు "డాక్యుమెంట్‌గా పంపించు" అనండి. అప్పుడు ఫైల్ ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

మన విషయానికొస్తే నాలుగో చోటు కూడా ఉంది, కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీ. దాని డ్రైవ్‌లో ప్రాజెక్ట్ రిపోర్టులు, ఫెస్ట్ ఫొటోలు, క్లబ్ పత్రిక పాత సంచికలు అన్నీ ఉంటాయి. ఆ ఖాతా మనది కాదు, కాలేజీది. డిగ్రీ చేతికొచ్చాక దాన్ని ఆపేసే అధికారం వాళ్ళకుంది. ఫైనల్ ఇయర్‌లో ఉన్నవాళ్ళు గూగుల్ టేకౌట్ ద్వారా మొత్తం ఒకసారి దించుకోండి.

అద్దం వేరు, జెరాక్స్ వేరు

సింక్ అంటే ఏంటి, బ్యాకప్ అంటే ఏంటి అని మా అమ్మ అడిగినప్పుడు నాకు తెలుగులో మాట దొరకలేదు. ఇంగ్లీష్‌లో నేర్చుకున్నవి ఇంగ్లీష్‌లోనే ఉండిపోయాయి. కాసేపు ఆలోచించి ఇలా చెప్పాను. సింక్ అంటే అద్దం. నువ్వు బొట్టు పెట్టుకుంటే అద్దంలోనూ కనపడుతుంది, తుడిచేస్తే అద్దంలోనూ పోతుంది. బ్యాకప్ అంటే జెరాక్స్. అసలు కాగితం చిరిగిపోయినా జెరాక్స్ బీరువాలో ఉంటుంది.

ఈ తేడా తెలియకుండా ఏ యాప్ పెట్టినా ప్రమాదమే. ఫోన్‌లో చోటు కోసం ఫొటో డిలీట్ చేస్తే, సింక్ అయిన ప్రతిచోటా అది డిలీట్ అవుతుంది. "క్లౌడ్‌లో ఉన్నాయి కదా" అనుకుని గ్యాలరీ ఖాళీ చేసేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది ఇదే. తమ యాప్ అద్దమా, జెరాక్సా?

మొదటి మెట్టు: సింక్‌థింగ్

సర్వర్ దాకా వెళ్ళకుండానే మొదలుపెట్టొచ్చు. సింక్‌థింగ్ అనేది 2013లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్. ఖాతా అక్కర్లేదు, మధ్యలో మన ఫైళ్ళు దాచుకునే కంపెనీ ఉండదు. మీ ఫోనూ మీ ల్యాప్‌టాపూ నేరుగా మాట్లాడుకుంటాయి. రెండూ ఒకే వైఫైలో ఉంటే ఇంటర్నెట్ డేటా కూడా ఖర్చవదు.

ఆండ్రాయిడ్‌కి ఒక చిన్న మెలిక ఉంది. సింక్‌థింగ్ వాళ్ళ అధికారిక ఆండ్రాయిడ్ యాప్‌ని 2024 చివర్లో ఆపేశారు. ఇప్పుడు వాడాల్సింది సింక్‌థింగ్-ఫోర్క్. ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్ స్టోర్‌లో దొరుకుతుంది. ఓపెన్ సోర్స్ వల్ల లాభం ఏంటని ఎవరైనా అడిగితే ఈ ఉదాహరణ చెప్పొచ్చు. రాసేవాళ్ళు అలిసిపోయి ఆపేశారు, కోడ్ అందరి ముందూ ఉంది కాబట్టి ఇంకొకళ్ళు అందుకున్నారు.

చేయాల్సిన పని ఇది:

1. ల్యాప్‌టాప్‌లో సింక్‌థింగ్, ఫోన్‌లో సింక్‌థింగ్-ఫోర్క్ పెట్టండి. ఒక్కో దానికి ఒక డివైస్ ఐడీ వస్తుంది. ఏడేసి అక్షరాల ఎనిమిది గుంపులుగా ఉంటుంది. టైప్ చేయక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు.
2. ఫోన్‌లో కెమెరా ఫోల్డర్‌ని షేర్ చేయండి. ఫోన్ వైపు "సెండ్ ఓన్లీ", ల్యాప్‌టాప్ వైపు "రిసీవ్ ఓన్లీ" అని పెట్టండి. అప్పుడు ల్యాప్‌టాప్‌లో ఏం జరిగినా ఫోన్‌కి రాదు.
3. ల్యాప్‌టాప్ వైపు ఫైల్ వెర్షనింగ్ ఆన్ చేసి "ట్రాష్ క్యాన్" ఎంచుకోండి. ఇది మర్చిపోవద్దు. సెండ్ ఓన్లీ పెట్టినా, ఫోన్‌లో డిలీట్ చేస్తే ఆ డిలీట్ కూడా ల్యాప్‌టాప్‌కి వెళ్తుంది. వెర్షనింగ్ ఉంటే ఆ ఫైల్ మాయమవకుండా ఒక పక్క ఫోల్డర్‌లోకి జరుగుతుంది.
4. ఫోన్ సెట్టింగ్స్‌లో ఈ యాప్‌కి బ్యాటరీ ఆంక్షలు తీసేయండి. కొన్ని ఫోన్లలో ఆటోస్టార్ట్ అని విడిగా ఇంకో స్విచ్ ఉంటుంది, దాన్నీ ఆన్ చేయాలి. లేకపోతే స్క్రీన్ ఆగిన పది నిమిషాలకి ఫోన్ యాప్‌ని చంపేస్తుంది. "పనిచేయట్లేదు" అని ఎవరైనా చెప్తే ముందు చూడాల్సింది ఇక్కడే.

ఇది ఇంకా అద్దమే. జెరాక్స్ కావాలంటే ల్యాప్‌టాప్‌లోని ఆ ఫోల్డర్‌ని అప్పుడప్పుడు ఇంకో డిస్క్‌కి కాపీ చేసుకోవాలి. లినక్స్‌లో ఆర్‌సింక్ అనే పాత, నమ్మకమైన కమాండ్ ఈ పనికి సరిపోతుంది. దానికి డిలీట్ ఆప్షన్ ఇవ్వకపోతే, అసలులో పోయినా కాపీలో ఉన్నది అలాగే ఉంటుంది.

గొంతు ఎక్కడుంది?

ఫొటోల గురించి అందరం మాట్లాడుకుంటాం, వాయిస్ నోట్ల గురించి ఎవరూ మాట్లాడరు. టైపింగ్ రాని పెద్దవాళ్ళు మనకి రాసిన ఉత్తరాలు ఇవే. మా తాతయ్య పోయి ఏడాది దాటింది. ఆయన పంపిన వాయిస్ నోట్లన్నీ అమ్మ ఫోన్‌లో మాత్రమే ఉండేవి. ఆ ఫోన్ వయసు ఆరేళ్ళు. నేను ఈ సర్వర్ పని పెట్టుకున్నది నిజానికి వాటి కోసమే.

ఆండ్రాయిడ్‌లో అవి ఇంటర్నల్ స్టోరేజ్ లోపల ఆండ్రాయిడ్, మీడియా అనే ఫోల్డర్ల కింద, వాట్సాప్ పేరున్న ఫోల్డర్‌లో ఉంటాయి. అక్కడ "వాట్సాప్ వాయిస్ నోట్స్" అని ఉంటుంది. దాని లోపల సంవత్సరం, వారం నంబర్ కలిపిన పేర్లతో ఒక్కో వారానికి ఒక్కో ఫోల్డర్. సింక్‌థింగ్‌కి అన్ని ఫైళ్ళూ చూసే పర్మిషన్ ఇస్తే ఈ ఫోల్డర్‌ని కూడా షేర్ చేయొచ్చు.

ఒక ఇబ్బంది ఉంది. ఎవరు పంపారో ఫైల్ పేరులో ఉండదు, తేదీ ఒక్కటే ఉంటుంది. అందుకే ముఖ్యమైన వాళ్ళవి చాట్ తెరిచి, చూసుకుంటూ విడిగా ఒక ఫోల్డర్‌లోకి పంపుకోవడం మంచిది. ఫార్మాట్ గురించి భయం అక్కర్లేదు. అవి ఓపస్ ఫైళ్ళు. ఓపస్ 2012లో వచ్చిన ఓపెన్ స్టాండర్డ్, ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు. వీఎల్‌సీలో నేరుగా ప్లే అవుతాయి. వాట్సాప్ రేపు ఉన్నా లేకపోయినా ఆ ఫైల్ తెరుచుకుంటుంది.

ఇక పేర్లు. సాహిత్య క్లబ్ వాళ్ళం కాబట్టి ఫైళ్ళకి తెలుగులోనే పేర్లు పెడతాం, పెట్టాలి కూడా. కానీ ఒక లెక్క తెలిసి ఉండాలి. లినక్స్‌లో మామూలుగా ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు యూనికోడ్ గుర్తు ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది. అంటే మనకి దక్కేవి 85 గుర్తులు. ఒత్తులు, గుణింతాలు కూడా విడివిడి గుర్తులే. "అమ్మమ్మ" అనే మాట కంటికి మూడు అక్షరాలే, కానీ లోపల అ, మ, పొల్లు, మ, మ, పొల్లు, మ అని 7 గుర్తులు, 21 బైట్లు. విండోస్‌లో లెక్క వేరు, అక్కడ 255 గుర్తుల దాకా పడుతుంది. అందుకే విండోస్‌లో హాయిగా ఉన్న పొడుగాటి తెలుగు పేరు లినక్స్‌కి కాపీ చేసేటప్పుడు మొండికేస్తుంది. ముందు తేదీ, తర్వాత రెండు మూడు మాటలు. అంతకంటే పొడుగు వద్దు.

రెండో మెట్టు: అసలు సర్వర్

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది. విండోస్ 11కి పనికిరావని తేలిన ల్యాప్‌టాప్‌లు ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉన్నాయి. వాటిలో డెబియన్ లినక్స్ వేస్తే ఇంకొన్నేళ్ళు పనిచేస్తాయి. డెస్క్‌టాప్ లేకుండా సర్వర్‌గా వేస్తే ఇంకా తేలిక.

అందులో పెట్టాల్సింది ఇమ్మిచ్. చూడ్డానికి గూగుల్ ఫొటోస్ లాగే ఉంటుంది. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండిటికీ యాప్ ఉంది. ఫోన్ నుంచి ఫొటోలు దానంతట అదే ఎక్కించుకుంటుంది, ముఖాలు గుర్తుపడుతుంది, "సముద్రం" లాంటి మాటతో వెతకాలన్నా దారి ఉంది. ముందే పెట్టి ఉన్న మోడల్‌కి ఇంగ్లీష్ బాగా వచ్చు, పలు భాషలు తెలిసిన మోడల్‌ని సెట్టింగ్స్‌లో మనం ఎంచుకోవాలి. ఈ గుర్తుపట్టడం అంతా మీ ల్యాప్‌టాప్‌లోనే జరుగుతుంది, ఫొటో బయటికి పోదు. 2022లో మొదలైన ఈ ప్రాజెక్ట్ 2025 అక్టోబర్‌లో వెర్షన్ 2.0తో "ఇక స్టేబుల్" అని ప్రకటించుకుంది. పైగా ఇది సింక్‌థింగ్ లాగా అద్దం కాదు. గ్యాలరీలో డిలీట్ చేసినా, అప్పటికే సర్వర్‌కి ఎక్కిన కాపీ అక్కడే ఉంటుంది.

ఇమ్మిచ్ డాకర్ మీద నడుస్తుంది. డాకర్ తెలియనివాళ్ళు టిఫిన్ క్యారియర్ ఊహించుకోండి. ఒక్కో గిన్నెలో ఒక్కో ప్రోగ్రామ్, దానికి కావాల్సిన సరంజామాతో సహా. పులుసు పెరుగులో కలవదు. ఏ గిన్నెలో ఏముండాలో చెప్పే కంపోజ్ ఫైల్‌ని ఇమ్మిచ్ వాళ్ళే ఇస్తారు. మనం మార్చాల్సింది రెండే: ఫొటోలు ఎక్కడ దాచాలి, డేటాబేస్ పాస్‌వర్డ్ ఏంటి. ర్యామ్ 8 జీబీ ఉంటే సుఖంగా నడుస్తుంది. మొదటి రోజు పాత ఫొటోలన్నిటినీ ఒకేసారి చూసేటప్పుడు ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, కంగారు పడొద్దు.

ఇరవై నాలుగ్గంటలూ నడిచే ల్యాప్‌టాప్‌కి కొన్ని జాగ్రత్తలు:

మూత మూసినా నిద్రపోవద్దని సిస్టమ్ సెట్టింగ్స్‌లో చెప్పాలి. కానీ గాలి ఆడేలా పెట్టాలి. బీరువాలో, దుప్పట్ల పక్కన పెట్టొద్దు.

బ్యాటరీ ఎప్పుడూ 100 శాతం దగ్గర, వేడిలో ఉంటే తొందరగా పాడవుతుంది. కొన్ని మోడళ్ళలో 60 లేదా 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సదుపాయం ఉంది. లినక్స్‌లో టీఎల్‌పీ అనే టూల్‌తో అది పెట్టొచ్చు. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు కనిపించినా, మూత సరిగా పడకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. వెంటనే ఆపేసి రిపేర్ షాప్‌లో తీయించేయండి. పాత ఫోన్‌నే సర్వర్ చేద్దామనుకునేవాళ్ళకి కూడా ఇదే మాట. రోజంతా చార్జింగ్‌లో ఉన్న ఫోన్‌ని ఎవరూ చూడని చోట పెట్టకండి. బ్యాటరీ బాగుంటే మాత్రం లాభమే, కరెంటు పోయినప్పుడు అదే యూపీఎస్.

కరెంటు బిల్లు ఎంతవుతుందని ఇంట్లో అడుగుతారు. ఖాళీగా ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ 12 వాట్లు తింటుందనుకుంటే, నెలకి 8.64 యూనిట్లు. అంటే 9 యూనిట్ల లోపే. డిస్క్ లెక్క కూడా ఇలాగే వేసుకోండి. ఫొటో సగటున 4 ఎంబీ అనుకుంటే పదివేల ఫొటోలు 40 జీబీ. వీడియోలే అసలు తిండిపోతులు.

హాస్టల్ నుంచి ఇంటికి దారి

సర్వర్ ఇంట్లో ఉంది, మనం హాస్టల్‌లో ఉన్నాం. ఎలా చేరుకోవాలి?

రౌటర్‌లో పోర్ట్ తెరవమని చెప్పే పాత వీడియోలు చాలా ఉన్నాయి. మన దగ్గర అది చాలాసార్లు పనిచేయదు, పనిచేసినా మంచిది కాదు. కారణం ఇది. ఐపీవీ4 చిరునామాలు మొత్తం కలిపి 430 కోట్లకి కొంచెం తక్కువ. అవి ప్రపంచంలోని పరికరాలన్నిటికీ చాలవు. అందుకని ఇంటర్నెట్ కంపెనీలు ఎన్నో ఇళ్ళకి కలిపి ఒక్క బయటి చిరునామా ఇస్తాయి. దీన్ని సీజీనాట్ అంటారు. హాస్టల్ గేటు లాంటిదే. మనం బయటికి ఎప్పుడైనా వెళ్ళొచ్చు, కానీ రూమ్ నంబర్ లేకుండా "కాలేజీ హాస్టల్" అని మాత్రం రాసి పంపిన పార్సిల్ గేటు దగ్గరే ఆగిపోతుంది. మీ రౌటర్ పేజీలో ఉన్న బయటి ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే.

దీనికి తేలిక మందు టెయిల్‌స్కేల్. రెండు పరికరాలూ లోపల నుంచి బయటికి వచ్చి, బయట చేతులు కలుపుతాయి. ఆ తర్వాత అవి ఒకే ఇంట్లో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి. మధ్యలో వెళ్ళేదంతా వైర్‌గార్డ్‌తో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. వైర్‌గార్డ్ 2020 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే భాగం. సొంత వాడకానికి టెయిల్‌స్కేల్ ఉచిత ప్లాన్ చాలు. ఒకటి మాత్రం తెలిసి వాడండి. పరికరాలని పరిచయం చేసే సర్వర్ ఆ కంపెనీదే, దాని కోడ్ ఓపెన్ కాదు. అదీ మనదే కావాలనుకుంటే హెడ్‌స్కేల్ అనే ఓపెన్ సోర్స్ ప్రత్యామ్నాయం ఉంది. కానీ దానికి బయట ఒక పబ్లిక్ సర్వర్ కావాలి. మొదట్లో అంత దూరం వెళ్ళక్కర్లేదు.

సర్వర్‌ని హాస్టల్ రూమ్‌లో పెట్టాలనుకుంటే కాలేజీ నెట్‌వర్క్ వాళ్ళని అడగకుండా పెట్టకండి. డెబియన్‌లో సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతట అవే పడేలా మొదటి రోజే పెట్టేయండి. మనం మిడ్స్ గొడవలో ఉన్నప్పుడు సర్వర్ గుర్తురాదు.

అక్క అడిగిన ప్రశ్న

అంతా సిద్ధమయ్యాక ఇంట్లో అందరి ఫోన్లలో ఇమ్మిచ్ పెడతానని ఉత్సాహంగా చెప్పాను. అమ్మ సరే అంది. అక్క మాత్రం ఫోన్ ఇవ్వలేదు. "అంటే నా ఫొటోలన్నీ నువ్వు చూడొచ్చా?" అని అడిగింది.

నిజాయితీగా చెప్పాల్సిన జవాబు: చూడొచ్చు. ఇమ్మిచ్‌లో ఎవరి ఖాతా వాళ్ళదే, యాప్‌లో ఒకరివి ఒకరికి కనపడవు. కానీ ఫైళ్ళు డిస్క్ మీద మామూలు ఫైళ్ళలాగే ఉంటాయి. సర్వర్ పాస్‌వర్డ్ ఉన్నవాడు ఫోల్డర్ తెరిస్తే అన్నీ కనిపిస్తాయి. "మన డేటా మన దగ్గరే" అని నేను గొప్పగా చెప్పిన మాటలో "మన" అంటే నిజానికి నేనే. ఎక్కడో ఉన్న పెద్ద కంపెనీ కంటే పక్క గదిలో ఉన్న తమ్ముడు చూడటం ఆడపిల్లకి ఎక్కువ ఇబ్బంది కావచ్చు. సెల్ఫ్ హోస్టింగ్ గురించి ఇంగ్లీష్‌లో నేను చదివిన గైడ్లు వేటిలోనూ ఈ ప్రశ్న కనపడలేదు.

అక్క ప్రశ్నకి టెక్నికల్ జవాబులు ఉన్నాయి. సింక్‌థింగ్‌లో ఒక పరికరాన్ని "నమ్మకం లేనిది"గా గుర్తించి పాస్‌వర్డ్ పెట్టొచ్చు. అప్పుడు సర్వర్‌కి చేరేవి ఎన్‌క్రిప్ట్ అయిన ముద్దలే, పాస్‌వర్డ్ అక్క దగ్గరే ఉంటుంది. ఇంకోటి ఎంటె. ఫోన్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేసి పంపే ఓపెన్ సోర్స్ ఫొటో యాప్ ఇది, మలయాళంలో ఆ మాటకి "నాది" అని అర్థం. దాని సర్వర్ కోడ్ కూడా 2024లో ఓపెన్ చేశారు కాబట్టి మనమే నడుపుకోవచ్చు. కాకపోతే పాస్‌వర్డూ, రికవరీ కీ రెండూ పోతే ఎవరూ ఏమీ చేయలేరు.

అక్క ఈ రెండూ విని, ఏదీ వద్దంది. ఫ్యామిలీ ఫొటోలు తనే ఎంచుకుని ఒక ఆల్బమ్‌లో పెడుతుంది, అదొక్కటే సర్వర్‌కి వస్తుంది. ఆ ఏర్పాటు బాగానే నడుస్తోంది. మీరూ ఇంట్లో ఎవరి ఫోన్ ముట్టుకునే ముందైనా ఈ విషయం వాళ్ళకి చెప్పండి. వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు.

పోతే ఎలా తిరిగి వస్తుంది?

ఇక మూడో ప్రశ్న. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అనే సూత్రం ఉంది. 3 కాపీలు, 2 రకాల పరికరాల మీద, అందులో 1 వేరే చోట. మా ఇంట్లో అది ఇలా ఉంది. ఒక కాపీ సర్వర్‌లో, ఒకటి యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లో, ఒకటి ఊళ్ళోనే ఉన్న పిన్ని వాళ్ళింట్లో ఇంకో డిస్క్‌లో. పండక్కి వెళ్ళినప్పుడల్లా ఆ రెండు డిస్కులూ మార్చుకుంటాం.

డిస్క్ ఎప్పుడూ సర్వర్‌కి తగిలించి ఉంచకండి. పిడుగు పడినా, కరెంటు ఎగిసినా రెండూ కలిసే పోతాయి. ఇమ్మిచ్ వాడేవాళ్ళకి ఇంకో మాట. ఫొటోల ఫోల్డర్ ఒక్కటే కాపీ చేస్తే ఆల్బమ్‌లు, ముఖాల పేర్లు రావు, అవి డేటాబేస్‌లో ఉంటాయి. ఇమ్మిచ్ రోజూ డేటాబేస్ కాపీ ఒకటి తన ఫోల్డర్‌లోనే రాసిపెడుతుంది. దాన్నీ కలిపి బయటి డిస్క్‌కి తీసుకెళ్ళాలి.

బయటి డిస్క్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేశాను. లినక్స్‌లోనూ విండోస్‌లోనూ తెరుచుకుంటుంది. నేను ఊళ్ళో లేనప్పుడు పిన్ని వాళ్ళబ్బాయి తన ల్యాప్‌టాప్‌కి తగిలించినా కనపడాలి. దీనికి ఎన్‌క్రిప్షన్ పెట్టలేదు. దొంగ చేతిలో పడితే చూస్తాడన్న భయం కంటే, మనవాళ్ళు తెరవలేకపోతారన్న భయం మాకు ఎక్కువ. మీ ఇంట్లో లెక్క వేరు కావచ్చు. ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు ఉన్న డిస్క్ అయితే ఎన్‌క్రిప్ట్ చేయాల్సిందే.

తిరిగి తెచ్చి చూడని బ్యాకప్‌ని నమ్మొద్దు. మేం దసరా సెలవుల్లో ఒక పరీక్ష పెట్టుకున్నాం. సర్వర్ ఆపేశాను, నేను ఏమీ ముట్టుకోను అన్నాను. డిస్క్‌ని అక్క ల్యాప్‌టాప్‌కి తగిలించి తాతయ్య ఫోల్డర్ వెతకమని అమ్మకి చెప్పాను. మూడు నిమిషాలు పట్టింది. ఏదో ఒక ఫైల్ నొక్కింది. "అమ్మాయ్, అక్కడ కరెంటొచ్చిందా? ఇక్కడ ఇంకా రాలా" అని తాతయ్య గొంతు. పద్నాలుగు సెకన్లు. అమ్మ దాన్నే ఇంకోసారి నొక్కింది.

ఆ రోజే ఒక కాగితం రాసి బీరువాలో ఇంటి కాగితాల పక్కన పెట్టాం. ఏ డిస్క్ ఎక్కడుంది, సర్వర్ పాస్‌వర్డ్ ఏంటి, ల్యాప్‌టాప్ ఆగిపోతే ఏ బటన్ నొక్కాలి, నాకు ఫోన్ దొరక్కపోతే ఎవరిని అడగాలి. అంతా తెలుగులో, అమ్మ చేతిరాతలో. నేను చెప్తుంటే ఆవిడ రాసింది. ఆవిడకి అర్థం కాని వాక్యం వచ్చినప్పుడల్లా ఆపి, మళ్ళీ చెప్పించుకుంది.

సెలవుల్లో చేయాల్సినవి

ఇదంతా ఒకేసారి చేయక్కర్లేదు. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్కరోజు కేటాయిస్తే మొదటి నాలుగూ అయిపోతాయి.

1. ఇంట్లో ప్రతి ఫోన్‌లో ఫొటోలు, వాయిస్ నోట్లు ఎక్కడున్నాయో చూసి ఒక కాగితం మీద రాయండి.
2. పెద్దవాళ్ళ వాయిస్ నోట్లు యూఎస్‌బీ కేబుల్‌తోనే ల్యాప్‌టాప్‌కి కాపీ చేయండి. దీనికి ఏ యాప్ అక్కర్లేదు.
3. అదే ఫోల్డర్‌ని ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి వేరే ఇంట్లో ఇవ్వండి.
4. ఇంకొకరి చేత అది తెరిపించి చూడండి.
5. ఇంకా ఓపిక ఉంటే సింక్‌థింగ్. ఆ తర్వాత కూడా ఉత్సాహం మిగిలితే డెబియన్, ఇమ్మిచ్, టెయిల్‌స్కేల్.

నెలకి ఒక గంట కూడా కేటాయించలేని వాళ్ళు ఐదో పని మొదలుపెట్టకపోవడమే మంచిది. వాళ్ళు డబ్బు కట్టి క్లౌడ్ వాడుకుంటూ, ఆరు నెలలకోసారి టేకౌట్‌తో ఒక కాపీ దించుకుంటే చాలు. అందులో తప్పేమీ లేదు. రెండో పని మాత్రం ఎవరూ వాయిదా వేయకండి. దానికి కావాల్సింది ఒక కేబుల్, అరగంట.